నత్తగుల్ల కొంగ, నీలి తిమింగలం: వీటిని ఏ లెక్కన పోల్చాలి?

సోంపేట టీచర్

అందరికీ నమస్కారం. మా హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ఒక ప్రాజెక్టు ఇచ్చాను. మన శ్రీకాకుళం జిల్లాకి సంబంధం ఉన్న రెండు జంతువుల్ని తీసుకుని పోల్చమన్నాను. చాలామంది ఆవు-గేదె, కాకి-కోకిల అని రాసుకొచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు మాత్రం జట్టు కట్టి నత్తగుల్ల కొంగనీ, నీలి తిమింగలాన్నీ ఎంచుకున్నారు. ఒకమ్మాయి అమ్మమ్మగారి ఊరు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. రెండో అమ్మాయిది సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డు. ఎవరికి తెలిసింది వాళ్ళు పట్టుకొచ్చారు. నాకు చాలా నచ్చింది.

కానీ పని ముందుకి సాగడం లేదు. "ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకటి ఈదుతుంది, ఒకటి ఎగురుతుంది" అని రాసి పెన్ను పక్కన పెట్టేశారు. ఇంతకన్నా లోతుగా వెళ్ళాలంటే ఎక్కడ మొదలెట్టించాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. పిల్లలకి చదివి వినిపిస్తాను.

ఉద్దానం కుర్రోడు

మేడమ్, ముందు అంకెలు రాయించండి. నత్తగుల్ల కొంగ నిలబడితే ఎత్తు 68 సెంటీమీటర్లు. కొంగల్లో ఇది చిన్న రకమే. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు మీటరున్నర. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుంది, బరువు 150 టన్నులు దాటినవీ ఉన్నాయి. అయితే హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో తిరిగే రకం కొంచెం చిన్నది, 24 మీటర్ల లోపే. మన బంగాళాఖాతం లెక్క రాసేటప్పుడు ఇదే రాయాలి.

స్కూల్ గ్రౌండులో సున్నంతో 24 మీటర్ల గీత గీసి, దాని చివర కొంగ బొమ్మ అసలు సైజులో పెట్టిస్తే చూసినవాళ్ళు ఎవరూ మర్చిపోరు.

టెక్కలి జువాలజీ

సున్నం గీత బాగుంటుంది, తప్పకుండా చేయించండి. కానీ పోలిక అక్కడే ఆగిపోతే పిల్లలు ఇప్పుడు రాసిన దానికీ దానికీ తేడా ఉండదు. కాలేజీలో పాఠం చెప్పే మనిషిగా నా సలహా ఒకటే: నోటి దగ్గర మొదలెట్టించండి.

రెండిటికీ పళ్ళు లేవు. రెండిటి పూర్వీకులకీ ఉండేవి. పక్షుల పూర్వీకులకి పళ్ళున్నాయని జర్మనీలో దొరికిన ఆర్కియోప్టెరిక్స్ శిలాజాల్లో స్పష్టంగా కనబడుతుంది. నీలి తిమింగలం విషయం ఇంకా ఆశ్చర్యం. తల్లి కడుపులో ఉన్న పిండానికి పళ్ళ మొగ్గలు వస్తాయి, పుట్టేలోపే అవి కరిగిపోతాయి. వాటి చోట పై దవడ నుంచి బలీన్ అనే పలకలు వేలాడుతూ పెరుగుతాయి, ఒక్కో వైపు సుమారు 300. అవి ఎముక కావు. కెరటిన్‌తో తయారవుతాయి. మన గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండేది కెరటినే. కొంగ ముక్కు మీద ఉన్న గట్టి తొడుగు కూడా కెరటినే. పక్షుల కెరటిన్ రకం వేరు, తిమింగలం కెరటిన్ రకం వేరు. కానీ పళ్ళు వదిలేసి, చర్మం తయారుచేసే గట్టి పదార్థంతో తిండి పనిముట్టు చేసుకోవడం రెండు చోట్లా జరిగింది. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోలేదు. వేటి దారి వాటిది.

ఇంకొకటి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది కదా, ఆ సందు పిల్ల పుట్టినప్పుడు ఉండదు. కూనల ముక్కు మామూలు కొంగ ముక్కులాగే నిండుగా మూసుకుంటుంది. వయసు వచ్చేకొద్దీ సందు పడుతుంది. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి రాయమనండి, ప్రాజెక్టు దానంతట అదే నడుస్తుంది.

మేఘవరం తీరం

టెక్కలి మేడమ్ చెప్పిన పలకల్ని నేను కళ్ళారా చూశానండి. 2023 జులైలో మా మేఘవరం ఒడ్డుకి ఒక తిమింగలం చచ్చి కొట్టుకొచ్చింది. 25 అడుగులు ఉందని, నీలి తిమింగలమని పేపర్లలో రాశారు. మా పేట పేటంతా ఇసకలోకి పరుగెత్తింది. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో ఆటోలు కట్టించుకుని వచ్చారు.

అందరూ దాని పొడవు చూస్తున్నారు. మా నాన్న మాత్రం నోటి దగ్గర కూర్చుండిపోయారు. పళ్ళ చోట నల్లటి పలకలు వరసగా ఉన్నాయి, లోపలి అంచు అంతా పీచు. అచ్చం ఉద్దానం కొబ్బరి పీచే. చేత్తో రాస్తే గరుగ్గా ఉంది. గడ్డం కింద నుంచి బొడ్డు దాకా పొడుగ్గా మడతలు. "ఇంత జీవికి పళ్ళు లేవేటి, ఏటి తిని బతుకుతాది?" అని నాన్న అడిగారు. నాకు ఆరోజు జవాబు తెలీదు. తర్వాత చదివి చెప్పాను.

పలాస అక్క

తమ్ముడూ, ఏం చదివావో అదే ఇక్కడ రాయి. మనుషుల్ని మింగేస్తుందని మా అమ్మమ్మ భయపెట్టేది. అది నిజమా కాదా కూడా చెప్పు.

మేఘవరం తీరం

కాదక్కా. నీలి తిమింగలం గొంతు చాలా ఇరుకు, మనిషి పట్టడు. నోరు మాత్రం ఇల్లంత. నోరు తెరిచి వేగంగా ముందుకి దూకుతుంది, ఆ ఊపుకి నీళ్ళు లోపలికి దూసుకొస్తాయి. అప్పుడే ఆ గొంతు కింద మడతలు విచ్చుకుని సంచిలా ఉబ్బుతాయి. ఆ తర్వాత నోరు మూసి, నాలుకతో నీళ్ళని బయటికి నెట్టేస్తుంది. నీళ్ళు పలకల సందుల్లోంచి పోతాయి, తిండి పీచుకి తగులుకుని లోపల ఉండిపోతుంది. ఆ తిండి ఎంతుంటుందంటే వేలంత కూడా ఉండదు. చలి సముద్రాల్లో అయితే క్రిల్ అనే రొయ్యలాంటి జీవులు.

మన వైపు సంగతి వేరు. శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్, ఆమెతో పనిచేసినవాళ్ళు అక్కడి నీలి తిమింగలాలు సెర్జెస్టిడ్ అనే చిన్న రొయ్యల్ని తింటున్నాయని తేల్చారు. మన సంతలో కుంచంతో కొలిచి అమ్మే రొయ్యపొట్టు ఉంది కదా, అందులో వచ్చే సన్న రొయ్యల్లో చాలావరకు ఈ కుటుంబానివే. నాన్నకి ఈ మాట చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మేం వల వేసేదీ, అది నోరు తెరిచేదీ ఇంచుమించు ఒకే తిండికి!

ఉద్దానం కుర్రోడు

25 అడుగులదాన్ని నీలి తిమింగలం అని ఎలా అన్నారు? నీలి తిమింగలం 80 అడుగులు కదా. బ్రైడ్ తిమింగలం అయి ఉండొచ్చేమో. దానికీ బలీన్ ఉంటుంది, మడతలు ఉంటాయి, ఇంతకన్నా చిన్నది.

టెక్కలి జువాలజీ

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నీలి తిమింగలం పిల్ల పుట్టేటప్పుడే 7 మీటర్లు ఉంటుంది. అంటే 23 అడుగులు. కాబట్టి మేఘవరానిది నీలి తిమింగలమే అయితే అది పుట్టి కొద్ది రోజులే అయిన పసిది, తల్లికి దూరమైపోయింది అనుకోవాలి. బ్రైడ్ తిమింగలాన్ని గుర్తుపట్టాలంటే తల పైన చూడాలి. ముక్కు కొస నుంచి ఊపిరి రంధ్రాల దాకా మూడు గట్లు ఉంటాయి. నీలి తిమింగలానికి మధ్యలో ఒకటే. ఈసారి ఏదైనా ఒడ్డుకి వస్తే సెల్ఫీల కన్నా ముందు తల పైభాగం ఫోటో తీయండి. స్కేలు కోసం పక్కన ఒక తెడ్డు పెట్టండి. అటవీ శాఖకి కబురు చేయండి. ఆ ఒక్క ఫోటో శాస్త్రానికి ఎంతో ఉపయోగం.

పాలు తాగే పిల్ల గురించి కూడా పిల్లలకి చెప్పండి మేడమ్. రోజుకి దాదాపు 90 కిలోలు పెరుగుతుంది. ఆరేడు నెలలకి తల్లి పాలు మానుతుంది. రెండు మూడేళ్ళకి ఒక్క కాన్పు, ఒక్క పిల్ల.

తేలుకుంచి అల్లుడు

తిమింగలం ముచ్చట్లే ఎక్కువయ్యాయి, మా కొంగల సంగతి నేను చెబుతాను. మా అత్తవారి ఊళ్ళో తొలకరికి, జూన్‌లో దిగుతాయి. చింత చెట్లు, మర్రి చెట్లు, వెదురు పొదలు, ఏదీ వదలవు. పుల్లా పుడకా తెచ్చి గూళ్ళు కడతాయి. రెండు నుంచి నాలుగు గుడ్లు పెడతాయి. ఆడదీ మగదీ వంతులేసుకుని పొదుగుతాయి, 25 రోజులు. పిల్లలు ఎగరడానికి ఇంకో 35 రోజులు. చలికాలం ముదిరేసరికి ఊరు ఖాళీ.

ఊళ్ళోవాళ్ళు వీటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లాగే చూస్తారు. ఇవి వస్తేనే వానలు సమృద్ధిగా పడతాయని నమ్మకం. చెట్ల కింద తెల్లగా రెట్టలు, వాసన. అయినా గూడున్న కొమ్మని ఎవరూ కొట్టరు. గూట్లోంచి పిల్ల కింద పడితే ముసలమ్మలు కూడా పిల్లల్ని కేకేసి చెట్టెక్కించి గూట్లో పెట్టిస్తారు.

ఎండ ఎక్కువైనప్పుడు చూడాలండీ. తల్లి గూటి అంచున నిలబడి రెక్కలు విప్పి పిల్లల మీద నీడ పడేలా పట్టి ఉంచుతుంది. సూర్యుడు జరిగేకొద్దీ తనూ జరుగుతుంది. గూళ్ళు కట్టే రోజుల్లో ఒళ్ళు తెల్లగా మెరుస్తుంటుంది, రెక్కల అంచులు నల్లగా ఆకుపచ్చ నిగనిగలాడతాయి. సీజన్ అయిపోయాక అదే కొంగ పొగపట్టినట్టు బూడిద రంగులోకి మారిపోతుంది. ఇది వేరే జాతి అనుకునేవాళ్ళూ ఉన్నారు.

పలాస అక్క

అవి సైబీరియా నుంచి వస్తాయంటారు కదా? మా చిన్నప్పటి నుంచీ అదే వింటున్నాం.

టెక్కలి జువాలజీ

సైబీరియా కాదండీ. నత్తగుల్ల కొంగలు భారతదేశం, శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్ లాంటి వేడి దేశాల పక్షులు. నీళ్ళు, నత్తలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంటాయి. కాలికి ఉంగరం వేసి వదిలి చూస్తే తెలిసింది: రాజస్థాన్ భరత్‌పూర్‌లో ఉంగరం వేసిన పిల్లలు తూర్పున 800 కిలోమీటర్ల దూరంలో దొరికాయి. థాయ్‌లాండ్‌లో వేసిన పక్షి 1500 కిలోమీటర్లు పడమటికి వచ్చి బంగ్లాదేశ్‌లో దొరికింది. మన టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కూడా మన ఉపఖండం పక్షులే.

విచిత్రం ఏమిటంటే తిమింగలం విషయంలోనూ ఇలాంటిదే ఉంది. మిగతా మహాసముద్రాల నీలి తిమింగలాలు చాలావరకు చలి నీళ్ళలో తిని, కాన్పుకి వేడి నీళ్ళకి వస్తాయి. మన ఉత్తర హిందూ మహాసముద్రం రకం ఏడాది పొడుగునా వేడి నీళ్ళలోనే ఉంటుంది. ధ్రువాల వైపు పోదు. రెండూ దూరపు చుట్టాలు కావు, మన చుట్టుపక్కలవే.

ఉద్దానం కుర్రోడు

ఆ ముక్కు సందు నత్తని పెట్టి అడకత్తెరలా నొక్కి పగలగొట్టడానికే కదా? అందుకే సందు పడిందని చదివాను.

ఇచ్ఛాపురం రైతు

లేదు బాబూ. మా పొలం గట్ల మీద అవి తిని పడేసిన గుల్లలు బుట్టలకొద్దీ ఉంటాయి. ఏరి చూడు, ఎక్కువ గుల్లలు పగలవు. మూత ఊడిపోయి ఉంటుంది, లోపల ఖాళీ. పగలగొట్టి తింటే గుల్ల చెక్కలు చెక్కలుగా ఉండాలి కదా.

దమ్ము చేస్తున్నప్పుడు ట్రాక్టరు వెనకాలే దిగుతాయి. మనుషులంటే బెదురు తక్కువ. బురదలో ముక్కు దించి, కళ్ళతో చూడకుండానే తడుముకుంటూ నడుస్తుంది. నత్త తగిలితే తల అక్కడే ఆపేస్తుంది. నీళ్ళ అడుగునే ఏదో చేస్తుంది, మనకి కనబడదు. తల నాలుగైదుసార్లు చిన్నగా కదులుతుంది. పైకెత్తేసరికి ముక్కు కొసన మెత్తటి కండ వేలాడుతుంటుంది. ఒక్క విదిలింపు, మింగుడు. మళ్ళీ అడుగు ముందుకి. నారు పోసిన మడిలో నత్తలు పడి లేత పిలకలు కొరికేస్తుంటే మేం ఎంత టెన్షన్ పడతామో. ఈ కొంగలు నాలుగు రోజులు మేస్తే మడి శుభ్రం.

టెక్కలి జువాలజీ

రైతు గారు చూసిందే అక్షరాలా సరైనది. అడకత్తెర అని పాతకాలంలో పెద్ద పెద్ద ప్రకృతి శాస్త్రవేత్తలు కూడా అనుకున్నారు. తర్వాత దగ్గరగా గమనించినవాళ్ళు తేల్చింది వేరు. పై ముక్కు కొసతో నత్తని నేలకి అదిమి పట్టి ఉంచుతుంది. కింది ముక్కు సన్నగా, కొస కొంచెం ఒక పక్కకి మెలి తిరిగి ఉంటుంది. దాన్ని నత్త మూత వెనక నుంచి లోపలికి దూర్చి, గుల్లకి కండని పట్టి ఉంచే కండరాన్ని కోసేస్తుంది. ఆ తర్వాత మొత్తం కండ బయటికి వచ్చేస్తుంది. మధ్యలో సందు ఉండటం వల్ల గుండ్రటి, జారిపోయే గుల్ల మీద ముక్కు కొసలు రెండూ సరిగ్గా పడతాయి.

ఇప్పుడు తిమింగలంతో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఒక్కో నత్తని విడిగా పట్టి, మూత తీసి, కోసి తింటుంది. ఇంకొకటి ఒక్క గుక్కలో తన ఒంటి బరువుకి సాటివచ్చేటంత నీటిని నోట్లోకి తీసుకుని, లక్షల జీవుల్ని ఒకేసారి వడగడుతుంది. తిండి తినడానికి ఇంతకన్నా వ్యతిరేకమైన పద్ధతులు దొరకవు. కానీ రెండూ ఒకే రకం తిండికి ఒంటిని పూర్తిగా అప్పజెప్పేశాయి. నా దృష్టిలో అసలు పోలిక ఇదే. ఆ తిండి తగ్గిన చోట రెండిటికీ వేరే దారి తక్కువ.

విజయనగరం బాటసారి

నాకు ఒక అభ్యంతరం ఉంది, ఏమీ అనుకోకండి. ఒకటి క్షీరదం, ఒకటి పక్షి. వర్గమే వేరు. ఇలా కలిపి రాయిస్తే పిల్లలు పరీక్షలో తికమక పడరా? తిమింగలం చేప కాదని, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుందని, పాలిస్తుందని చెబితే చాలదా?

సోంపేట టీచర్

అభ్యంతరం న్యాయమైనదే సార్. కానీ మా పిల్లలు క్షీరదం, పక్షి అన్న నిర్వచనాలు ఆరో తరగతిలోనే అప్పజెప్పేశారు. అప్పజెప్పాక మర్చిపోయారు కూడా. ఎదురుగా రెండు నోళ్ళు పెట్టి "ఇది ఎందుకిలా ఉంది?" అని అడిగినప్పుడు మొన్న క్లాసులో మొదటిసారి చేతులు లేచాయి. ఒకడు లేచి, కొంగ మోకాలు వెనక్కి ఎందుకు వంగుతుంది అని అడిగాడు. దీనికి జవాబు చెప్పగలరా?

విజయనగరం బాటసారి

అది మోకాలు కాదు మేడమ్, చీలమండ. అసలు మోకాలు పైన, ఈకల్లో దాక్కుని ఉంటుంది. కొంగ మునివేళ్ళ మీద నడుస్తోందని చెప్పండి. కాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తిమింగలానికి వెనక కాళ్ళు లేవు. కానీ లోపల కటి ఎముకల ముక్కలు రెండు ఇంకా మిగిలి ఉన్నాయి. నేల మీద నడిచిన పూర్వీకుల గుర్తు. ముందు రెక్కలో మన చేతిలాగే దండ ఎముక, మణికట్టు, వేళ్ళు ఉంటాయి. కొంగ రెక్కలోనూ చెయ్యే ఉంది. ఇది రాశాక నాకే అనిపిస్తోంది, పోల్చించండి, మంచిదే.

పలాస అక్క

తేలుకుంచి బాబు రెట్టల వాసన అన్నాడు కదా. ఊరివాళ్ళు ఓర్చుకుంటున్నారంటే మెచ్చుకోవాల్సిందే. దాని వల్ల ఏమైనా లాభం ఉందా?

టెక్కలి జువాలజీ

చాలా ఉంది. పొలాల్లో తిన్న నత్తల సారం గూళ్ళ కింద చెరువుల్లో పడుతుంది. రెట్టల్లో నత్రజని, భాస్వరం పుష్కలం. తమిళనాడు వేదాంతంగల్ రైతులు బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే కలెక్టరుకి మొరపెట్టుకుని, తమ చెరువు పక్షుల్ని కాల్చకుండా ఆపించుకున్నారు. ఆ చెరువు నీళ్ళతో పైరు బాగా వస్తుందని వాళ్ళకి తెలుసు.

తిమింగలం కూడా ఇదే పని సముద్రంలో చేస్తుంది. లోతుల్లో తిని, ఊపిరి కోసం పైకి వచ్చి, అక్కడ మలం వదులుతుంది. అందులో ఇనుము ఎక్కువ. ఆ ఇనుము వల్ల ఎండ తగిలే పై నీళ్ళలో కంటికి కనబడని మొక్కలు పెరుగుతాయి. వాటిని తిని చిన్న జీవులు, వాటిని తిని చేపలు. ఒకటి పొలం నుంచి చెరువుకి, ఇంకొకటి లోతు నుంచి పైకి ఎరువు మోస్తోంది. దీనికి ప్రాజెక్టులో ఒక పేజీ పూర్తిగా ఇవ్వండి మేడమ్.

మేఘవరం తీరం

వేట గురించి కూడా రాయించండి. ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల 80 వేల నీలి తిమింగలాల్ని చంపారు. నూనె కోసం. 1966లో అంతర్జాతీయ తిమింగల వేట సంఘం నీలి తిమింగలం వేటని ఆపించింది. ఆ రోజుల్లోనే సోవియట్ నౌకలు లెక్కల్లో చూపించకుండా అరేబియా సముద్రంలో వెయ్యికి పైగా చంపాయి. మన పక్క సముద్రంలో! రెండు మూడేళ్ళకి ఒక్క పిల్లని కనే జీవి అంత దెబ్బ నుంచి తేరుకోవాలంటే ఎన్ని తరాలు పట్టాలి? ఇప్పుడు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తిమింగలాలకి అత్యున్నత రక్షణ ఉంది. కానీ ఓడలు గుద్దుకోవడం, వలల్లో చిక్కడం ఇంకా ఉన్నాయి. శ్రీలంక దక్షిణాన ఓడల దారి తిమింగలాలు మేసే చోటు మీదుగానే పోయేది. అందుకే 2022లో ఒక పెద్ద నౌకా సంస్థ తన ఓడల్ని మరింత దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది.

కొంగకి ఆ దెబ్బ తగల్లేదు. ఏటా రెండు నుంచి నాలుగు గుడ్లు, పైగా ఊళ్ళోవాళ్ళ కాపలా. అందుకే దాని సంఖ్య బాగానే ఉంది, నీలి తిమింగలం ఇంకా అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాబితాలోనే ఉంది.

ఇచ్ఛాపురం రైతు

బాబూ, కొంగకి దెబ్బ తగల్లేదు అనేసి నిశ్చింతగా ఉండకండి. మా మడుల్లో ఇప్పుడు నత్తల మందు గుళికలు వేసేవాళ్ళు ఎక్కువయ్యారు. పురుగు మందులు సరేసరి. చెరువు గర్భాలు పూడ్చి ప్లాట్లు వేస్తున్నారు. టెక్కలి మేడమ్ అన్నారు కదా, ఒకే తిండికి ఒంటిని అప్పజెప్పేసిన జీవి అని. నత్త లేకపోతే దీనికి మా ఊళ్ళో పనేముంది? గూడు కట్టే చెట్టుని కాపాడితే సరిపోదు, మేసే మడి కూడా మిగలాలి. మా వీధిలో ఇద్దరు ముగ్గురం కలిసి గూళ్ళ కాలంలో, జూన్ నుంచి అక్టోబరు దాకా, గుళికలు వేయకూడదని అనుకున్నాం. నత్తలు ఎక్కువైతే సాయంత్రం పూట చేత్తో ఏరి గట్టున పోస్తాం. పొద్దున్నే వచ్చి అవే చూసుకుంటాయి.

తేలుకుంచి అల్లుడు

ఆ మాట మా అత్తవారి ఊళ్ళో కూడా చెబుతాను మావయ్యా. ఆ లెక్కన మందు ఖర్చు కూడా మిగులుతుంది.

సోంపేట టీచర్

అందరికీ చాలా థ్యాంక్స్. నాలుగు చార్టులు వేయిస్తున్నాను: నోరు, పిల్లల పెంపకం, ఎరువు మోత, ప్రమాదాలు. సున్నం గీత కూడా ఉంటుంది. రైతు గారూ, మీ గట్టు మీద గుల్లలు ఒక సంచిలో ఏరి ఉంచగలరా? మూత ఊడినవి, పగిలినవి విడివిడిగా పిల్లల చేతే లెక్క పెట్టిస్తాను. మేఘవరం తమ్ముడూ, మీ నాన్నగారు ఒకరోజు స్కూలుకి వచ్చి ఆ పలకల గురించి చెబుతారేమో అడిగి చూడు.

మేఘవరం తీరం

అడిగానండి. పౌర్ణమికి వేట ఉండదు, ఆ మర్నాడు వస్తానన్నారు.

ఇచ్ఛాపురం రైతు

సంచి కాదమ్మా, బస్తా ఇస్తాను. కడిగి ఆరబెట్టి పంపిస్తాను, లేకపోతే క్లాసులో వాసనకి కూర్చోలేరు.